నివోలుమాబ్ 20 మి.గ్రా. సరిపోతుందా? డోసు తగ్గితే సైడ్ ఎఫెక్ట్స్ కూడా తగ్గుతాయా?

కాకినాడ కుర్రాడు:
మా నాన్నకి బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక మెడలో తిరగబెట్టింది. కీమో మాత్రలతో పాటు మూడు వారాలకోసారి నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ 20 మి.గ్రా. ఇస్తామన్నారు డాక్టరుగారు. నెట్‌లో చూస్తే రెండు వారాలకి 240 అని ఉంది. డబ్బుల్లేవని మొక్కుబడిగా ఇస్తున్నారా? మా బావేమో "తక్కువైతేనే మంచిది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంటున్నాడు.

లత, హైదరాబాద్:
మొక్కుబడి కాదండి. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఇలాంటి పేషెంట్లు 151 మందితో ట్రయల్ చేశారు. సగం మందికి మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు. మిగతా సగానికి వాటితో పాటు 20 మి.గ్రా. నివోలుమాబ్. ఏడాది దాటి బతికినవాళ్లు మాత్రల వైపు 16.3 శాతం, ఇంజెక్షన్ కలిపిన వైపు 43.4 శాతం. 2022లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చింది.

సందేహాల శాస్త్రి:
లతగారూ, అందులో 20ని 240తో పోల్చలేదు కదా. ఇంజెక్షన్ కలిపితే మేలని తేలింది, పూర్తి డోసుతో సమానమని తేలలేదు. పైగా మీడియన్ ఆయుష్షు (సగం మంది ఇంకా బతికున్న కాలం) 6.7 నెలల నుంచి 10.1కి పెరిగింది, అంతే. కొనగలిగినవాళ్లకీ ఇన్సూరెన్స్ వాళ్లు "20 చాలు" అనే రోజొస్తుందేమోనని నా భయం.

లత, హైదరాబాద్:
ఆ భయం న్యాయమే. కానీ నివోలుమాబ్ తొలి ట్రయల్స్‌లో ఒంటి బరువు కిలోకి 0.1 నుంచి 10 మి.గ్రా. దాకా ఇచ్చి చూశారు. మెలనోమాలో (ఒక రకం చర్మ క్యాన్సర్) డోసు పెంచినకొద్దీ ఫలితమేమీ పెరగలేదు. ఈ మందు వెళ్లి అతుక్కునేది రోగనిరోధక టి కణాల మీద బ్రేకులా ఉండే పీడీ-1కి, అది చాలావరకు చిన్న డోసుకే నిండిపోతుంది. 60 కిలోల మనిషికి 20 అంటే కిలోకి 0.3 పైనే.

సందేహాల శాస్త్రి:
అవే ట్రయల్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి 1 కంటే 3 మి.గ్రా. మెరుగ్గా కనిపించింది. అది వదిలేశారు.

డే కేర్ సిస్టర్:
డోసు గొడవ మీరిద్దరూ తేల్చుకోండి, నా అభ్యంతరం బావగారి మాట మీద. ఐపిలిముమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందుకైతే ఆ మాట చెల్లుతుంది. మెలనోమాలో కిలోకి 10 ఇస్తే మందు వల్ల తీవ్రమైన ఇబ్బందులు 34 శాతం మందికి, 3 ఇస్తే 18 శాతానికి. నివోలుమాబ్‌లో అలాంటి లెక్క స్పష్టంగా లేదు. టాటా ట్రయల్‌లో ఇంజెక్షన్ కలిపినందుకు తీవ్రమైన ఇబ్బందులు పెరగలేదు, నిజమే. అలాగని ఉండవనుకోవద్దు.

ఈ మందు రోగనిరోధక శక్తికి ఉన్న బ్రేకు తీసేస్తుంది. అది క్యాన్సర్ మీదకే వెళ్లాలని లేదు. థైరాయిడ్, పేగులు, ఊపిరితిత్తులు, లివర్, అరుదుగా గుండె కూడా దెబ్బతినొచ్చు. మందు ఆపేశాక నెలలకి కూడా రావచ్చు.

నేను ఎక్కువగా చూసేది ఇది. ఊళ్లో రోజుకి ఆరేడు విరేచనాలు మొదలవుతాయి. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి "కీమో నడుస్తోంది" అంటారు. ఆయన విరేచనాలు ఆపే లోపెరమైడ్, ఒక యాంటీబయాటిక్ రాసిస్తాడు. వారం గడిచిపోతుంది. అది ఈ మందు తెచ్చిన పేగుల వాపైతే కావాల్సింది స్టెరాయిడ్. "ఇమ్యునోథెరపీ నడుస్తోంది" అని ఒక్క మాట చెబితే ఆయనా అనుమానపడేవాడు. చీటీ మీద రాసి నాన్నగారి పర్సులో పెట్టండి.

స్టెరాయిడ్‌తో ఇంకో తంటా. ముఖం ఉబ్బుతుందని, షుగర్ పెరుగుతుందని తగ్గగానే మానేస్తారు, వాపు మళ్లీ వస్తుంది. కనీసం నాలుగు వారాలు మెల్లగా దించాలి. దానికీ లొంగకపోతే వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఇస్తారు, దాని ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో ఎంతమందిలో టీబీ నిద్రపోతుంటుందో తెలుసు కదా.

కాకినాడ కుర్రాడు:
థైరాయిడ్ పరీక్ష ఇప్పటిదాకా చేయించలేదు సిస్టర్. తక్కువ డోసు కదా అని ఎవరూ రాయలేదు.

డే కేర్ సిస్టర్:
మొదటి ఇంజెక్షన్ లోపే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), లివర్, క్రియాటినిన్, షుగర్ చేయించమని అడగండి. తర్వాత తేడా వస్తే దేనితో పోల్చాలి మరి? థైరాయిడ్ తగ్గినా కంగారు వద్దు, థైరాక్సిన్ వేసుకుంటూ ఇంజెక్షన్ కొనసాగించవచ్చు. దగ్గు, ఆయాసం వస్తే మాత్రం అదే రోజు ఫోన్ చేయండి.

ఇంకోటి, 40 మి.గ్రా. వయల్ ఇద్దరికి పంచే చోట ఇద్దరినీ ఒకే రోజు రమ్మంటారు. మీవాళ్లు రాలేకపోతే ముందురోజే చెప్పండి, ఆ రెండోవాళ్లకి వయల్ ఖర్చంతా పడుతుంది.