అప్‌డేట్: తోటివాళ్ల కథలపై అభిప్రాయం ఎలా చెప్పాలి?

క్లాసులో తోటివాళ్ల కథల మీద నొప్పించకుండా, పనికొచ్చేలా ఎలా చెప్పాలని అడిగాను కదా. మీ సలహాలు నారాయణగూడలో మా క్లాసులో బాగా పనిచేస్తున్నాయి.

మొదటిసారి పెన్ను పట్టకుండా చదవాలి. రెండోసారి, ఆగి వెనక్కెళ్లిన చోట మార్జిన్లో ప్రశ్న గుర్తు, మనసుకు పట్టిన వాక్యం కింద గీత. ఉత్త ‘బాగుంది’ వల్ల రాసినవాళ్లకి ఏమీ అందదు. ‘ఇరానీ హోటల్లో నాన్న చాయ్ సాసర్లో పోసి కొడుకు వైపు జరిపాడు, ఇద్దరూ రాజీపడ్డారని అక్కడే తెలిసిపోయింది, తర్వాతి పేరా అదే మళ్లీ చెప్తోంది’ అంటే ఏం కొట్టేయాలో వాళ్లకే తెలుస్తుంది.

వాక్యం మనం తిరగరాసి ఇవ్వకూడదు, అది మన గొంతైపోతుంది. పాత్రల హైదరాబాదీ యాసని ‘సరిదిద్దడం’ అసలొద్దు. అచ్చుతప్పులు చివరి ప్రతిలో చూసుకోవచ్చు. రాసినవాళ్లు అప్పటికప్పుడు జవాబివ్వకుండా నోట్ చేసుకోవాలి. సమర్థించుకోవడం మొదలైతే చదివినవాళ్లు చెప్పడం మానేస్తారు.