జీపు 65 దాటితే వణుకుతోంది: క్రాస్ పోయిందా, పినియన్ బేరింగా?

నమస్కారం అండీ. నాది పాత డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్. వారానికి రెండుసార్లు పాడేరు ఘాట్ ఎక్కుతుంది. నెల రోజులుగా 65 దగ్గర సీటు కింద సన్నగా వణుకు మొదలై, 75కి అద్దాలు కూడా అదురుతున్నాయి. యాక్సిలరేటర్ వదలగానే వెనక నుంచి మూలుగు. న్యూట్రల్‌లో వదిలినా వణుకు పోవడం లేదు, కాబట్టి ఇంజన్‌ది కాదనుకుంటున్నాను. టైర్లు ముందువి వెనక్కి మార్చాను, బ్యాలెన్సింగ్ చేయించాను, తేడా లేదు.

నిన్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కిందికి దూరి, ఇంజన్ శక్తిని వెనక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాను. పినియన్ (షాఫ్ట్ తిప్పే, ఇరుసు లోపలి చిన్న పళ్ల చక్రం) వైపు క్రాస్ (షాఫ్ట్ చివర వంగడానికి వీలిచ్చే కీలు) టక్కుమని ఆడుతోంది. దాని కప్పు అంచున కుంకుమలా ఎర్రటి తుప్పు పొడి. గ్రీజు ఎండిపోయిందని అర్థమైంది. కానీ ఆ మూలుగు క్రాస్‌ది కాదేమో, పినియన్ బేరింగ్‌దేమో అని టెన్షన్. మెకానిక్ మాత్రం చూడకుండానే వెనక ఇరుసు హౌసింగ్ మొత్తం విప్పాలంటున్నాడు.

ఇంకో సంగతి. మూడు నెలల క్రితం వెనక కమాన్ పట్టీలు మార్పించి బండిని రెండు అంగుళాలు ఎత్తు పెంచాను. షాఫ్ట్ కోణం మారి క్రాస్ అరిగిందా? అలాగైతే కొత్త క్రాస్ వేసినా మళ్లీ పోతుంది కదా, కోణం సరిచేయడానికి కమాన్ కింద వాలు ముక్క పెట్టించాలా?

నా బండికి ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే లాకింగ్ హబ్బులు లేవు, టూ వీల్‌లోనూ ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని విప్పి ఒకసారి నడిపి చూస్తే లోపం ముందుదో వెనకదో తేలుతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఆదివారం మళ్లీ ఘాట్ ఎక్కాలి, పిల్లలు కూడా వస్తారు.