పై అంతస్తు చల్లగానే ఉంటోంది, జోన్ వాల్వ్ మొత్తం మార్చాల్సిందేనా?

పార్సిపనీ కిట్టు:
మాది న్యూజెర్సీలో పాత ఇల్లు. నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్, గోడల వెంట ఆ వేడి నీళ్లు పారి గదుల్ని వెచ్చబెట్టే బేస్‌బోర్డులు, కిందకొకటి పైకొకటి రెండు జోన్లు, అంటే విడివిడిగా వేడి పెట్టుకునే భాగాలు. కింద బాగానే వెచ్చగా ఉంది, పైన బెడ్‌రూములు మాత్రం మొన్న మంచు పడ్డప్పటి నుంచి మంచుగడ్డలే. థర్మోస్టాట్ 70 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పెడితే తెర మీద హీట్ అని చూపిస్తుంది గానీ గది 58 దాటదు. తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు, నాన్న ఇంట్లోనే మంకీ క్యాప్ పెట్టుకుని తిరుగుతున్నారు, నాకేమో తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. బేస్‌మెంట్‌లో బాయిలర్ పక్కన రాగి పైపుల మీద రెండు హనీవెల్ కంపెనీ జోన్ వాల్వులున్నాయి (ఒక్కో జోన్‌కి వేడి నీళ్లు వదిలేవి, ఆపేవి), ఒక్కోదానికి పక్కన చిన్న లీవర్. ప్లంబర్ వచ్చి టార్చ్ వేసి చూసి, మీటరన్నా బయటికి తీయకుండా, "వాల్వ్ పోయింది, సిస్టమ్‌లో నీళ్లన్నీ దించి పైపు కోసి కొత్తది అతకాలి, 700 డాలర్లు" అనేసి వెళ్లాడు. నిజంగా అంత పని ఉందా? ఈలోగా పైన వేడి వచ్చే దారి ఏమైనా ఉందా?

బేస్‌మెంట్ బాబాయి:
కిట్టు గారూ, కింద వెచ్చగా ఉందంటే బాయిలర్, పంపు, ట్రాన్స్‌ఫార్మర్ మూడూ పనిచేస్తున్నట్టే, కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. బాయిలర్ గేజ్ ఒక్కటి చూడండి, చల్లగా ఉన్నప్పుడు రెండంతస్తుల ఇంటికి 12 నుంచి 15 పీఎస్‌ఐ నీటి ఒత్తిడి ఉండాలి, బాగా తక్కువుంటే నీళ్లే పైదాకా ఎక్కవు.

ఇక వాల్వ్ సంగతి. రెండు థర్మోస్టాట్లూ హీట్ అడిగేలా పెట్టి బేస్‌మెంట్‌లోకి వెళ్లి రెండు లీవర్లనీ వేలితో కదిపి చూడండి. కింది అంతస్తుది తెరుచుకుని ఉంటుంది కాబట్టి దాని లీవర్ వదులుగా అటూ ఇటూ ఆడుతుంది. పై అంతస్తుదాన్ని నెడితే లోపల స్ప్రింగ్ వెనక్కి లాగుతున్నట్టు బిగువుగా ఉంటే, అది మూసుకునే ఉందన్నమాట. అప్పుడు లీవర్‌ని నెమ్మదిగా చివరిదాకా నెట్టి గాడిలో తగిలించండి, వాల్వ్ చేత్తో తెరిచినట్టే. కింది జోన్ బాయిలర్‌ని నడిపినప్పుడల్లా పైకీ వేడి నీళ్లు వెళ్తాయి, పై థర్మోస్టాట్ మాట మాత్రం చెల్లదు, అంతే. ఈ రాత్రికి అది చాలు, పైన పైపులు గడ్డకట్టి పగలకుండా కూడా ఉంటాయి. ఇలా తెరిచాక పైన బేస్‌బోర్డు కాలుతోందంటే వాల్వ్ బాడీ (పైపుకి అతికి ఉన్న కింది భాగం) బాగున్నట్టే, పైపుల్లో గాలి అడ్డం పడలేదనీ అర్థం. గడగడమని చప్పుడు చేస్తూ సగం దూరంలోనే చల్లబడితే గాలి చేరింది, అది తీయించాలి, వాల్వ్‌ది తప్పు కాదు.

తర్వాత మల్టీమీటర్. ఈ వాల్వ్‌కి నాలుగు తీగలుంటాయి, పసుపువి రెండూ మోటారువి, ఎర్రవి రెండూ ఎండ్ స్విచ్‌వి (వాల్వ్ తెరుచుకున్నాక బాయిలర్‌కి కబురు పంపే చిన్న స్విచ్). మీటర్ని ఏసీ వోల్టుల మీద పెట్టి, పై థర్మోస్టాట్ హీట్ అడుగుతుండగా పసుపు తీగల మధ్య చూడండి. 24కి అటూ ఇటూగా వచ్చి కూడా వాల్వ్ కదలకపోతే మోటారు కాలిపోయినట్టో గేర్లు పట్టేసినట్టో. ఏమీ రాకపోతే మాత్రం వాల్వ్‌ని అనడం అన్యాయం, లోపం థర్మోస్టాట్‌లోనో దాని తీగలోనో ఉంది. జాగ్రత్త ఒక్కటే, వాల్వ్ తీగల్లో 24 వోల్టులే గానీ బాయిలర్ మీది డబ్బాలో 120 ఉంటుంది, అందులో వేలు పెట్టకండి.

బోస్టన్ లక్ష్మి:
బాబాయి గారు చెప్పింది కరెక్టే కానీ నేనైతే మొదట థర్మోస్టాట్‌నే అనుమానిస్తాను. మీ పైది ఈ మధ్య పెట్టిన స్మార్ట్ థర్మోస్టాటా? సీ వైరు (థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందించే తీగ) లేకుండా పెడితే కొన్ని తన కరెంటు కోసం వాల్వ్ సర్క్యూట్ నుంచే కొంచెం కొంచెం లాక్కుంటాయి, దాంతో వాల్వ్ సగం తెరుచుకోవడం, గీ మని మోగడం లాంటి వేషాలు మొదలవుతాయి. తేల్చుకోవడం చాలా తేలిక. థర్మోస్టాట్‌ని గోడ నుంచి ఊడదీసి ఆర్ (కరెంటు వచ్చేది), డబ్ల్యూ (హీట్ అడిగేది) తీగలు రెండూ కలిపి పట్టుకుంటే వాల్వ్ తెరుచుకోవాలి. తెరుచుకుంటే ప్లంబర్‌కి ఒక్క డాలరు కూడా ఇవ్వక్కర్లేదు.

మీటర్ లేకపోతే ఇంకో ఉపాయం, బాయిలర్ స్విచ్ ఆపేసి (బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఎర్ర ప్లేటు ఉన్నది) రెండు వాల్వుల దగ్గర థర్మోస్టాట్ తీగలు తారుమారు చేసి మళ్లీ వేయండి. అప్పటికీ పై వాల్వే కదలకపోతే దోషం వాల్వ్‌లో, ఈసారి కిందిది మొండికేస్తే దోషం తీగతో పాటు అటు మారింది. మా ఇంట్లో హనీవెల్ కాదు, పాత టాకో కంపెనీ వాల్వులు, వాటికి మోటారు ఉండదు, లోపల మైనం వేడెక్కి తెరుచుకుంటుంది. తెరుచుకోవడానికి కాసేపు పడుతుంది, వాల్వ్ తల (పైభాగం) కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, అది మామూలే. ఎవరైనా అవి చూసి కంగారు పడతారని చెప్తున్నా.

పార్సిపనీ కిట్టు:
థాంక్యూ అండీ ఇద్దరికీ. మాది పాత రకం థర్మోస్టాటే, తీగలు కలిపి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. పసుపు తీగల మధ్య 27 వోల్టులు వస్తోంది, మోటారు దగ్గర చెవి పెట్టినా చప్పుడు లేదు. లీవర్ తగిలించగానే కాసేపటికి పైన బేస్‌బోర్డు టిక్కు టిక్కుమంటూ కాలడం మొదలైంది, ఎంత ప్రాణం లేచొచ్చిందో. అంటే మోటారేనా? అదొక్కటే దొరుకుతుందా?

బేస్‌మెంట్ బాబాయి:
మోటారే. విడిగా దొరుకుతుంది, మొత్తం వాల్వ్ ధరలో చిన్న ముక్క. 24 వోల్టులది చూసి కొనండి, 120వి కూడా అచ్చం అలాగే ఉంటాయి. బాయిలర్ స్విచ్ ఆపి, లీవర్ తెరిచిన స్థితిలోనే ఉంచి, కవర్ తీసి, రెండు స్క్రూలు విప్పితే పాత మోటారు చేతికొస్తుంది. ఒక్క చుక్క నీరు దించక్కర్లేదు. మోటారు ఒక్కటే కాకుండా తల (మోటారు, స్విచ్ ఉన్న పైభాగం) మొత్తం మార్చాలనుకుంటే మాత్రం ముందు కవర్ పైన చిన్న గుంటలాంటి గుర్తుందేమో చూడండి. ఉంటే తల నీళ్లు దించకుండానే ఊడుతుంది, లేకపోతే పాత రకం, దాన్ని విప్పితే బేస్‌మెంట్ చెరువవుతుంది.

పెట్టాక ఎండ్ స్విచ్ కూడా పరీక్షించండి. కింది థర్మోస్టాట్ తగ్గించేసి పైది ఒక్కటే పెంచాలి. వాల్వ్ తెరుచుకున్నాక పంపు తిరిగితే సరే. తిరగకపోతే ఎర్ర తీగల వైపు స్విచ్ కలవట్లేదు, అది కలిస్తేనే బాయిలర్ మీది టీటీ టెర్మినల్స్‌కి (హీట్ కావాలన్న తీగలు తగిలించే చోటు) కబురు అందుతుంది. ఇన్నాళ్లూ కింది జోనే నడిపిస్తుండటంతో ఈ లోపం బయటపడి ఉండకపోవచ్చు.

డెట్రాయిట్ చిన్నా:
అన్నా, మాకు రివర్స్. థర్మోస్టాట్ ఆఫ్ చేసినా హాలు ఉడికిపోతోంది, చలికాలంలో కిటికీలు తెరిచి కూర్చుంటున్నాం. ఇదీ మోటారేనా?

బేస్‌మెంట్ బాబాయి:
చిన్నా, ముందు ఎవరైనా లీవర్‌ని తగిలించి వదిలేశారేమో చూడు, సగం కేసులు అవే. అది కాకపోతే వాల్వ్ దగ్గర థర్మోస్టాట్ తీగ ఒకటి పీకు. వాల్వ్ మూసుకుంటే తీగలు ఎక్కడో కలిసిపోయాయి, లేదా థర్మోస్టాట్ అంటుకుపోయింది. మూసుకోకపోతే స్ప్రింగ్, గేర్ల సంగతి. లీవర్ వెనక్కి వచ్చి మూసుకున్నట్టే కనిపిస్తూ పైపు అవతలి వైపు ఇంకా కాలుతోందంటే లోపల రబ్బరు బంతి అరిగో, దాని కింద చెత్త చేరో నీళ్లు జారుతున్నాయి. అప్పుడు పని బాడీ దాకా వెళ్తుంది, కిట్టు గారి ప్లంబర్ చెప్పిన నీళ్లు దించే కార్యక్రమం నీకు తప్పకపోవచ్చు. తల కింద రాగి మీద పచ్చగా చిలుము పట్టి తడి కూడా కనిపిస్తే ఇక పరీక్షలు ఆపేసి మనిషిని పిలిపించు.