నార్మల్ అన్న తర్వాత క్యాన్సర్ బయటపడితే పాత ఫిల్ములు మళ్ళీ చూపించాలా, వదిలేయాలా?

తూనీగ:
మా అక్కకి స్క్రీనింగ్ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) నార్మల్ అని వచ్చింది. ఏడాది తిరక్కుండానే గడ్డ తగిలింది, బయాప్సీలో రొమ్ము క్యాన్సర్ అని తేలింది, అప్పటికే చంకలోని లింఫు గ్రంథుల దాకా పాకింది. ఇప్పుడు కీమో నడుస్తోంది. ఆ పాత ఫిల్ములు ఇంకో రేడియాలజిస్టుకి చూపించి, అప్పుడే కనిపించిందో లేదో తేల్చుకోవాలని నా పట్టుదల. బావగారేమో "తెలుసుకుని ఏం చేస్తావమ్మా, దాని మనసు ఇంకా పాడుచేయడం తప్ప" అంటున్నారు. మీరేమంటారు?

గోరింట:
బావగారి మాటే రైటు. మా పెదనాన్నకి కొలొనోస్కోపీలో ఏమీ లేదన్నారు, తర్వాత పేగు క్యాన్సర్ బయటపడింది. ఇక ఇంటిల్లిపాదికీ అదే లోకం, ఫైళ్ళు, ఫోన్లు, లాయర్లు. ఆయన పక్క గదిలో పడుకుని అవన్నీ వింటూ ఉండేవారు. ఆయనతో మామూలు కబుర్లు చెప్పేవాళ్ళే లేకుండా పోయారు. మీ అక్కకి అది రాకూడదు.

ఫిల్మ్ రూమ్:
నేను రేడియాలజీలోనే పని చేస్తాను. రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఎనిమిదింట ఒకటి స్క్రీనింగ్ మామోగ్రామ్‌కి దొరకదు. ఫిల్ములో కొవ్వు నల్లగా, గ్రంథుల కణజాలం తెల్లగా కనిపిస్తుంది, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. అందుకే డెన్సిటీ, అంటే ఆ తెల్లటి కణజాలం పాలు, ఎక్కువున్న రొమ్ములో అది తెలుపులో తెలుపై కలిసిపోతుంది. డెన్సిటీని ఏ (అన్నిటికన్నా తక్కువ) నుంచి డి (అన్నిటికన్నా ఎక్కువ) దాకా నాలుగు రకాలుగా రాస్తారు, మీ అక్క రిపోర్టులో ఏముందో ముందు చూడండి.

రెండు స్క్రీనింగుల మధ్య బయటపడేవాటిని ఇంటర్వల్ క్యాన్సర్లు అంటాం. వాటిలో కొన్ని ఆ మధ్యకాలంలోనే పుట్టి వేగంగా పెరిగినవి, కొన్ని అప్పటికే ఉన్నా ఫిల్ములో దొరకనివి, కొన్ని చూసినవాళ్ళ కంట పడాల్సి ఉండీ పడనివి. ఈ మూడింటినీ ఒకే గాట కట్టొద్దు. పైగా "ఇదిగో ఇక్కడే క్యాన్సర్ వచ్చింది, చూడండి" అని చెప్పి చూపిస్తే ఎవరికైనా అక్కడ ఏదో ఒకటి కనిపిస్తుంది. చూపిస్తే విషయం చెప్పకుండా, వీలైతే వేరే ఫిల్ముల మధ్య కలిపి చూపించాలి.

ఒక్కటి అడుగుతాను. గడ్డ తగిలాక బయాప్సీకి ఆలస్యమేమైనా అయిందా, అయితే ఎందుకు?

తూనీగ:
మొదట చూసిన డాక్టరు "మొన్ననేగా నార్మల్ వచ్చింది" అని యాంటీబయాటిక్స్ రాసి పంపేశారండీ. అక్క కూడా ఆ మాట పట్టుకునే ఉండిపోయింది.

ఫిల్మ్ రూమ్:
నన్నడిగితే ఫిల్ము కన్నా ముందు నిలదీయాల్సింది ఇదీ. చేతికి గడ్డ తగిలాక పాత నార్మల్ రిపోర్టుకి విలువ లేదు. చేత్తో పరీక్షించాలి, మళ్ళీ మామోగ్రామో అల్ట్రాసౌండో చేయాలి, అనుమానం మిగిలితే సూదితో ముక్క తీసి పంపాలి. స్క్రీనింగ్ ఏ లక్షణమూ లేనివాళ్ళ కోసం పెట్టింది.

వెన్నెలగట్టు:
గోరింట గారూ, తెలుసుకోకపోతే మనశ్శాంతి ఉంటుందని ఎలా అనగలం? ఐర్లండ్‌లో విక్కీ ఫెలన్‌కి 2011లో గర్భాశయ ముఖద్వార స్మియర్ పరీక్ష నార్మల్ అని వచ్చింది. 2014లో క్యాన్సర్ అన్నారు. ఆ ఏడే ఆడిట్‌లో పాత రిజల్టు తప్పని తేలినా ఆమెకి చెప్పింది 2017లో. ఆవిడ కోర్టుకెళ్ళి, నోరు మూసుకోవాలన్న షరతుకి ఒప్పుకోకుండా 2018లో బయటపెట్టబట్టే అలాంటివాళ్ళు 221 మంది ఉన్నారని, ఎక్కువమందికి అసలు చెప్పనే లేదని లోకానికి తెలిసింది. 2022లో ఆవిడ చనిపోయారు. ఒంట్లో జరిగిన సంగతి అందరికంటే ఆఖర్న తనకి తెలియడం, ఆ మనిషికి అంతకన్నా అవమానం ఏముంటుంది!

గోరింట:
అవమానమే, కాదనను. నేను తెలుసుకోవద్దు అనట్లేదు, కీమో మధ్యలో వద్దంటున్నాను. వాంతులతో, టెన్షన్‌తో ఉన్న మనిషికి "ముందే కనిపించిందట" అని చెప్తే ఆ రాత్రి ఆవిడ దగ్గర ఎవరు కూర్చుంటారు? అది ఆలోచించారా?

ఫిల్మ్ రూమ్:
ఆ భయం నిజమే. కాకపోతే కాపీలు మాత్రం ఇప్పుడే తీసుకోండి, కాగితం రిపోర్టు ఒక్కటే సరిపోదు, ఒరిజినల్ డైకామ్ ఫైళ్ళు (మెషీన్ తీసిన అసలు డిజిటల్ చిత్రాలు) సీడీలో అడగండి. రికార్డులు ఎల్లకాలం దాచరు, ఫిర్యాదుకీ గడువు ఉంటుంది. చదివించడం ఆ తర్వాత మీ ఇష్టం.

తూనీగ:
అక్కనే అడిగేశాను. తన గురించి మేమిద్దరం వాదించుకుంటున్నామే గానీ తనని అడిగింది లేదు. "నిద్ర పట్టనప్పుడల్లా నేనే అశ్రద్ధ చేశానేమో అనిపిస్తోంది. చూపించు. ఏం తేలిందో మాత్రం నేను అడిగినప్పుడే చెప్పు, అందాకా నీ దగ్గరే ఉంచు" అంది. బావగారికి ఇప్పటికీ ఇష్టం లేదు. సీడీ కోసం రేపు అప్లికేషన్ పెడుతున్నాను. ఫిల్మ్ రూమ్ గారూ, అందులో డాక్టరు రాసిన నోట్స్ కూడా కావాలని అడగొచ్చా?

ఫిల్మ్ రూమ్:
అడగండి. మొదటిసారి గడ్డ చూపించిన రోజు ఓపీ నోట్స్ కావాలని తేదీ వేసి మరీ రాయండి.