అప్‌డేట్: జే (J) ప్రోగ్రామింగ్ భాషలో 2 వర్గమూలం 50 దశాంశాల వరకు వచ్చింది

2కు చివర ఎక్స్ (x) అక్షరం చేర్చి విస్తృత పూర్ణాంకంగా, అంటే ఎన్ని అంకెలైనా పట్టే పూర్ణాంకంగా ఇచ్చినా, వర్గమూలం 1.41421 అనే మామూలు దశాంశంగానే ఎందుకు వస్తోందని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఈ భాషలో విస్తృత సంఖ్యలంటే పూర్ణాంకాలు, భిన్నాలు మాత్రమే. 2 వర్గమూలం రెండూ కాదు.

మీరు చెప్పినట్టే 2ను 10 ఘాతం 100తో గుణించాను. దాంతో వర్గమూలం 10 ఘాతం 50 రెట్లవుతుంది, 50 దశాంశాలూ పూర్ణాంకంలోకి వచ్చేస్తాయి. ఆ 10కి కూడా ఎక్స్ ఉండాలి. ఇక అసలు కీలకం: వర్గమూలం క్రియను (జేలో ఫంక్షన్‌ను క్రియ అంటారు), కింది పూర్ణాంకానికి దించే క్రియను ‘ఎట్’ (@) గుర్తుతో కలిపి ఒకే క్రియగా రాయాలి. అప్పుడే జే దశాంశాల జోలికి పోకుండా పూర్ణాంకాలలోనే లెక్క ముగిస్తుంది. వచ్చినది ఇది (మొదటి 1 తర్వాత దశాంశ బిందువు పెట్టుకుని చదవాలి):

141421356237309504880168872420969807856967187537694

దీని వర్గం లక్ష్యాన్ని, అంటే 2 × 10 ఘాతం 100ను మించలేదు, దీని తర్వాతి సంఖ్య వర్గం మించింది. కాబట్టి చివరి అంకె వరకు నిశ్చింతగా నమ్మవచ్చు.

న్యూటన్ పద్ధతిని (ఒక అంచనాను పదేపదే సవరిస్తూ జవాబుకు చేరువయ్యే పద్ధతి) 3/2తో మొదలుపెట్టి భిన్నాలలోనూ నడిపాను. 17/12, 577/408, 665857/470832! ఎంత అందమైన వరుస! అడుగడుగునా సరైన అంకెలు దాదాపు రెట్టింపవుతాయి, హారం కూడా అంతే వేగంగా ఉబ్బుతుంది. అందుకే పెద్ద శ్రేణులకు (అరేలకు) మొదటి దారినే ఉంచుకుంటున్నాను.