కంపు: కన్నడంలో పొగడ్త, తెలుగులో తిట్టు

అందరికీ నమస్కారం. మాది నంద్యాల. పదకొండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. ఒక మాట మూడు రోజులుగా నన్ను వదలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మొన్న శుక్రవారం మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి గృహప్రవేశం. పట్టుచీర కట్టుకుని, మా చెల్లి పంపిన సెంటు మొదటిసారి వేసుకున్నాను. దాని పేరు ఫ్రాకా. 1948లో రొబేర్ పిగే ఫ్యాషన్ హౌస్ కోసం జెర్మెయిన్ సెలియె అనే ఆవిడ కూర్చిన సెంటు. నేల సంపెంగ సెంట్ల మాట వస్తే ఇప్పటికీ ముందు దాని పేరే చెబుతారు. నేల సంపెంగకు మల్లె, నారింజ పూత తోడు; అన్నీ తెల్లపూలే. చెవి వెనక ఒక చుక్క, మణికట్టుకు ఒక చుక్క, అంతే. లిఫ్టులో నాలుగో అంతస్తు ఆంటీ ఎక్కారు. రిటైరైన కన్నడ టీచర్. గట్టిగా గాలి పీల్చి "ఎంథా కంపు!" అన్నారు.

నా ముఖం కందిపోయింది. లిఫ్టు కిందకి చేరగానే మెట్ల మీదుగా ఇంటికి తిరిగొచ్చి, సబ్బు పెట్టి కడుక్కుని మళ్లీ వెళ్లాను. వ్రతం అయ్యాక ఆవిడే నా పక్కన కూర్చుని, "ఆ కంపు ఏమైంది? నా పెళ్లిలో వేసిన సుగంధరాజ హారం గుర్తొచ్చింది" అన్నారు. సుగంధరాజ అంటే కన్నడంలో నేల సంపెంగే. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, కన్నడంలో కంపు అంటే పరిమళమని.

నేను అడిగేది ఇది. మన దగ్గర కంపు మొదటి నుంచీ చెడ్డ మాటేనా? ఇంత నిండుగా, ఇంత చిక్కగా ఉండే పూల వాసనకు ఇప్పుడు మనం ఏమనాలి? "మంచి వాసన" అంటే నాకు చాలడం లేదు.

మల్లేశ్వరం నుంచి:
మంచి ప్రశ్న అమ్మా. కంపు మొదట చెడ్డ మాట కాదు. కమ్మ, కంపు రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చిన తోబుట్టువులు. బరో, ఎమెనో అనే భాషాశాస్త్రవేత్తలు కూర్చిన ద్రావిడ నిఘంటువులో కన్నడ కంపు, తెలుగు కమ్మ, కంపు, తమిళంలో పరిమళించడం అనే అర్థమున్న 'కమళ్' అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పాత తెలుగులో కంపు అంటే వాసన, అంతే. తర్వాత అక్కాచెల్లెళ్లు విడిపోయారు. కమ్మ మంచి వైపు వెళ్లింది. ముక్కు దగ్గరే ఆగకుండా నాలుక మీదికీ చెవుల్లోకీ వెళ్లి కమ్మని పప్పు, కమ్మని పాట అయింది. కంపు ఒక్కటీ మురుగుకాలువ దగ్గర మిగిలిపోయింది.

ఇది మన ఒక్క భాషకే జరగలేదు. తమిళంలో నాట్రం ఒకప్పుడు పరిమళం, ఇవాళ చెన్నైలో ఆ మాట అంటే ముక్కు మూసుకుంటారు. మన 'వాసన' కూడా అదే దారిలో ఉంది. "ఏదో వాసన వస్తోంది" అంటే మీరు ముందు ఫ్రిజ్ తెరిచి చూస్తారా, పూలకుండీ వైపు చూస్తారా? మంచిదని చెప్పాలంటే పక్కన 'మంచి' అని ఒక సాక్షిని నిలబెట్టాల్సి వస్తోంది. వలపుకు కూడా పాత నిఘంటువుల్లో పరిమళం అనే అర్థం ఉంది. ఇప్పుడది ప్రేమ ఒక్కటే.

హిందూపురం–యలహంక:
ఒక చిన్న సవరణ. ఇక్కడి కన్నడంలో కూడా రోజువారీ మాట కంపు కాదండి. "ఘమఘమ అంతిదె" అంటారు. కంపు పుస్తకాల్లో, పద్యాల్లో ఎక్కువ. మీ ఆంటీ టీచర్ కాబట్టి ఆ మాట నోటికి వచ్చింది. మా అత్తగారు కన్నడమే, ముప్ఫై ఏళ్లలో ఆవిడ నోట కంపు అనే మాట నేను రెండుసార్లు విని ఉంటానేమో, రెండుసార్లూ సంపెంగ గురించే.

బాగేపల్లి నుంచి:
మేం సుగంధరాజు సాగు చేసే వాళ్లం. మా ఇంట్లో తెలుగే, అయినా నేల సంపెంగ అనే మాట నేను ఆంధ్ర బంధువుల నోటే విన్నాను. మేం సుగంధరాజు అంటాం, తమిళులు నిల సంబంగి అంటారు, హిందీ, బెంగాలీ వాళ్లకు రజనీగంధ, మరాఠీ వాళ్లకు నిశిగంధ, హైదరాబాద్ ఉర్దూలో గుల్‌షబ్బో. ఆంధ్ర మార్కెట్లలో చాలాచోట్ల లిల్లీ పూలు. ఇన్ని పేర్లున్నా అసలు ఇది మన మొక్క కాదు, మెక్సికో నుంచి వచ్చింది. సంపెంగ చెట్టుకు పూస్తుంది, ఇది నేలలోని దుంప నుంచి లేస్తుంది కాబట్టి నేల సంపెంగ అయింది. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. ఇక్కడ హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాల పేర్లు శృంగార్, సువాసిని, ప్రజ్వల్. సువాసిని అంటే ముత్తైదువ అని మా అమ్మమ్మ చెప్పేది. కానీ ఆ రకానికి పేరు పెట్టినవాళ్లు సువాసననే తలుచుకుని ఉంటారని నాకనిపిస్తుంది.

మేం తెల్లవారుజామునే మొగ్గలు కోస్తాం. కోసినా పూవు పని ఆపదు. సాయంత్రానికి బుట్టలోనే విచ్చుకుని, రాత్రికి ఇల్లంతా నింపేస్తుంది. రెండు బుట్టలున్న గదిలో నిద్రపోలేం. అది బాగుండక కాదు, ఎక్కువై.

జయనగర్ నుంచి:
మీ అందరి పరిశోధనా బాగుంది. కానీ నాకు మైగ్రేన్ ఉంది, నా వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఎంత గొప్ప పూవైనా, మూసిన లిఫ్టులో మీద పడితే అది నాకు కంపే, ఇప్పటి తెలుగు అర్థంలోనే. మా నాన్న పోయినప్పుడు ఇంటినిండా ఈ పూల దండలే. ఇరవై ఏళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ఆ వరండాయే కనబడుతుంది. కన్నడ టీచర్‌గారికి పెళ్లి గుర్తొచ్చిందన్నారు. పూవు ఒకటే. అందుకే ఏ మాట వాడాలో పూవు చెప్పదు, వాసన చూసేవాళ్లే చెప్పాలి.

మారతహళ్లి నుంచి (ప్రశ్న నాదే):
జయనగర్ అక్కా, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇకమీద లిఫ్టు ఎక్కే ముందు కాదు, బయటికి వెళ్లడానికి గంట ముందే వేసుకుంటాను. మొదటి గంటే దాని జోరు.

మీ మాటలోనే నాకు కొంత జవాబు దొరికింది. ఈ తెల్లపూలలో రెండు ముఖాలూ నిజంగానే ఉన్నాయి. మల్లెలో, నేల సంపెంగలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. మలంలో ఉండేదీ అదే. చిక్కగా ఉంటే ముక్కు తిప్పుకుంటాం, బాగా పలచనైతే పూవు అంటాం. రాత్రి పెట్టుకున్న మల్లెదండ పొద్దున దిండు మీద ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. నేల సంపెంగలో మిథైల్ సాలిసిలేట్ కూడా ఉంటుంది. అది తలనొప్పి బామ్‌లలో వాడేది. ఫ్రాకా మొదటిసారి మణికట్టుకు రాసుకున్నప్పుడు నాకు పూవు కంటే ముందు మందుల డబ్బా తట్టింది ఇందుకే. 2005లో డొమినిక్ రోపియోఁ చేసిన కార్నల్ ఫ్లవర్ అనే నేల సంపెంగ సెంటులో ఈ చలవను దాచకుండా యూకలిప్టస్ తోడుచేసి ముందుకు తెచ్చారు. ఫ్రాకాలో మాత్రం అది వెన్నలాంటి తీపి కింద అణిగి ఉంటుంది. నాలుగు గంటలయ్యాక గంధపు చెక్క, కస్తూరి మిగులుతాయి. ఆ చివరి భాగమే నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటి పది నిమిషాల్లో ఇలాంటి సెంటును తేల్చేయకూడదని నా అభిప్రాయం. తేల్చేస్తే సగం పూవునే చూసినట్టు.

అంటే, మంచీ చెడూ రెండూ ఒకే మాటలో పట్టుకున్న పాత కంపే ఈ సెంటుకు సరైన మాట! ఆ మాట చెడిపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. మనం పోగొట్టుకున్నది ఒక పర్యాయపదం కాదు. పూవు తాజాదనానికీ వాడిపోవడానికీ మధ్య ఉన్న ఆ కొంచెం చోటుకి మనకున్న ఒకే ఒక పేరు పోయింది.

తిరుపతి–వైట్‌ఫీల్డ్:
అమ్మా, పేర్లు పోయినా క్రియలు ఉన్నాయి కదా. తెలుగులో వాసన సంగతి తేల్చేది నామవాచకం కాదు, క్రియ. వాసన వస్తోంది, వేస్తోంది, కొడుతోంది. మూడూ ఒకటేనా? కొట్టిందంటే చెడ్డదే. "వంకాయకూర వాసన వేస్తోంది" అని మా అమ్మ అంటే ఆకలి వేసేది. గుబాళించేది మంచిదే, మురుగు గుబాళించదు. ఘుమఘుమలాడేది ఎక్కువగా వంటిల్లు. గుప్పుమనేది మాత్రం ఏ తీర్పూ చెప్పదు. సారా గుప్పుమంటుంది, సంపెంగా గుప్పుమంటుంది, ఊళ్లో పుకారూ గుప్పుమంటుంది. ఎంత వేగంగా వచ్చిందో చెబుతుంది, అంతే. మీ లిఫ్టులో జరిగింది గుప్పుమనడం.

మల్లేశ్వరం నుంచి:
గుప్పు, ఘుమఘుమ రెండూ ధ్వన్యనుకరణాలు. కన్నడ ఘమఘమ, తమిళ కమకమ కూడా అంతే. వాసనకు చప్పుడు లేదు, అయినా మన భాషలన్నీ దాన్ని చెవితో విన్నాయి. ఇంకొకటి: వాసనను ముక్కుతో పట్టడానికి పాత తెలుగులో మూర్కొను అనే చక్కటి క్రియ ఉండేది. ఇప్పుడు వాసన 'చూస్తాం'. రుచీ చూస్తాం, వాసనా చూస్తాం. అన్నీ కంటికే అప్పగించాం.

మారతహళ్లి నుంచి:
మీరు చప్పుడు అన్నారు కాబట్టి చెప్పాలి. ఫ్రాకా అనే ఫ్రెంచి మాటకు అర్థం ఏదో విరిగిపడ్డట్టు పెద్ద చప్పుడు! ఆ సెంటుకు ఆ పేరు పెట్టినవాళ్లూ వాసనను చెవితోనే విన్నారన్నమాట. ఇది తెలిసినప్పటి నుంచి గుప్పు అనే మాట మీద నాకు గౌరవం పెరిగిపోయింది. ఫ్రాకాకు తెలుగు పేరు పెట్టమంటే 'గుప్పు' అనే పెడతాను.

హిందూపురం–యలహంక:
మరి 'వేసుకోవడం' సంగతి? మీరు సెంటు వేసుకున్నాను అన్నారు. మా పిల్లలు కొట్టుకుంటారు. స్ప్రే వచ్చాక వచ్చిన మాట కాబోలు. అత్తరు పూసుకుంటాం, గంధం రాసుకుంటాం, పాత పుస్తకాల్లో అలదుకుంటారు. పూలు పెట్టుకుంటాం, తురుముకుంటాం, మా వైపు ముడుచుకుంటాం. కన్నడంలోనూ ముడియడమే. టీవీ ప్రకటనల్లో "పెర్ఫ్యూమ్ ధరించండి" అని వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ధరించడానికి అది కిరీటమా?

బాగేపల్లి నుంచి:
'వాసన కట్టడం' మర్చిపోయారు. నువ్వుల్ని, పూలని పొరలు పొరలుగా పేర్చి, పూలు మార్చి మార్చి, వాసన పట్టిన నువ్వుల్ని గానుగాడిస్తే సంపెంగ నూనె, మల్లె నూనె. ఫ్రాన్స్‌లో గ్రాస్ అనే ఊళ్లో పూర్వం నేల సంపెంగలను కొవ్వు పూసిన అద్దాల మీద పరిచి ఇదే పని చేసేవారు. కోశాక కూడా వాసన వదులుతూ ఉండే పూవు కాబట్టే ఆ పద్ధతి దానికి కుదిరింది. వాళ్లకు కొవ్వు, మనకు నువ్వులు.

చిత్తూరు–కె.ఆర్. పురం:
తెల్లపూలకే ఇంత వాసన ఎందుకో ఎవరూ అనలేదు. వీటిలో చాలావాటిని వెతుక్కుంటూ రాత్రి పూట చిమ్మటలు వస్తాయి. చీకట్లో రంగుతో పనిలేదు, వాసనే పిలుపు. బెంగళూరు కరగ ఉత్సవం చైత్ర పౌర్ణమి రాత్రి, ఒళ్లంతా మల్లెలతో వీధుల్లో సాగుతుంది కదా, ఆ రాత్రి పాతపేటలో నిలబడితే పిలుపు అంటే ఏమిటో తెలుస్తుంది. అన్నట్టు, 2017లో వచ్చిన గుచ్చి బ్లూమ్ సెంటులో నేల సంపెంగ, మల్లెలతోపాటు రంగూన్ క్రీపర్ కూడా ఉందని రాస్తారు. అది మన రాధామనోహరమే. మా చిత్తూరు ఇంటి గేటు మీద ఉండేది. అంత మంచి పేరు మనకుండగా రంగూన్ క్రీపర్ అని రాయడం నాకు నచ్చదు.

జయనగర్ నుంచి:
రాధామనోహరం నాకూ ఇష్టమే. దానికి తలనొప్పి రాదు.

మారతహళ్లి నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఫ్రాకా సీసా తీసుకుని నాలుగో అంతస్తుకు వెళ్లాను. ఆంటీ కిటికీలు తెరిచి, మణికట్టుకు ఒక్క చుక్క వేయించుకుని, వంటింట్లోకి వెళ్లొచ్చారు, వరండాలోకి వెళ్లొచ్చారు. అరగంటకోసారి వాసన చూసి, ఇప్పుడు బాగుంది, ఇప్పుడు ఇంకా బాగుంది అంటూ ఉన్నారు. మీ తెలుగులో కంపును ఇప్పుడు ఏమంటారు అని అడిగారు. గుప్పు అందామనుకున్నాను గాని, ఆ సమయానికి వాసన మెత్తబడి, గంధం వైపు తిరిగింది. గుబాళింపు అన్నాను. ఆవిడ నాలుగుసార్లు పలికి చూసుకుని, పాత డైరీ తీసి కన్నడ లిపిలో రాసుకున్నారు. 'ళ' దగ్గర పెన్ను ఆపి, ఇది మీకూ ఉందా అన్నారు. ఉంది ఆంటీ అన్నాను.