జామాయిల్ ముక్కలకు చిగురొచ్చింది, వేరు రాలేదు. ఏం చేయాలి?

సందేహం: నమస్తే అండీ. మా తోటలో ఒక జామాయిల్ చెట్టు మిగతావాటికంటే బాగా ఎదిగింది. దాని పైకొమ్మల ముక్కలు కవర్లలో నాటాను. చిగుళ్లు చక్కగా వచ్చాయి గానీ, ఇప్పుడు ఒక్కొక్కటే వాడిపోతున్నాయి. పీకి చూస్తే వేరు లేదు. జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడితే నిలబడతాయా?

జవాబు: దయచేసి కొట్టకండి. అది కాండాన్ని సాగదీస్తుంది, వేరు పుట్టనివ్వదు. మీరు చూసిన చిగుళ్లు ముక్కలో దాగి ఉన్న పిండిపదార్థంతో వచ్చినవి. పైన ఆకు నీరు వదులుతోంది, కింద పీల్చుకునే వేరు లేదు. వాడక ఏం చేస్తాయి?

వేరు పుట్టించేది ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్. చిగురు కొనల్లో, లేత ఆకుల్లో తయారై కిందికి దిగుతుంది. ముక్క కోస్తే కోత దగ్గర ఆగి పోగవుతుంది, అక్కడి కణాలు వేళ్లుగా మారతాయి. అది సరిపోని చెట్లకు మనం ఐబీఏ (ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్ అనే ఆక్సిన్ మందు) అద్దుతాం. కానీ మీ విషయంలో ముందు మార్చాల్సింది కొమ్మను. ముదిరిన జామాయిల్ పైకొమ్మ ఐబీఏ పెట్టినా సరిగా వేరు వేయదు. చెట్టు నరికితే మోడు మీద లేచే పిలకలు లేత స్వభావంతో ఉంటాయి, వేరు వేసేది అవే. మంచి చెట్టును నరకడానికి మనసొప్పదు, నాకు తెలుసు. అయినా క్లోన్ మొక్కలకు, అంటే అచ్చం తల్లి చెట్టు లాంటి మొక్కలకు, దారి అదే.

మరొకరు: కొబ్బరినీళ్లలో నానబెడితే సరిపోదా అన్నా?

జవాబు: కొబ్బరినీళ్లలో ముఖ్యంగా సైటోకైనిన్లు అనే వేరే హార్మోన్లు ఉంటాయి తమ్ముడూ. ఆక్సిన్ వంతు ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ వంతు ఎక్కువైతే చిగురు అని స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లోనే పొగాకు కణజాలం మీద చూపించారు. ఇక్కడ చిగురుకు కొదవ లేదు కదా.

సందేహం: పిలకలే తీసుకుంటానండీ. ఐబీఏ ఎంత కలపాలి?

జవాబు: 4000 పీపీఎం పొడి వాడుకలో ఉంది, అంటే 100 గ్రాముల టాల్కు (టాల్కం పొడి)కు 0.4 గ్రాములు. ఐబీఏ నీళ్లలో సరిగా కరగదు. కొద్ది ఆల్కహాలులో కరిగించి టాల్కులో కలిపి, నీడలో ఆరబెట్టండి. మోతాదు పెంచితే వేళ్లు పెరగవు, ముక్క అడుగు భాగం నల్లబడి కుళ్లుతుంది. రెండు ఆకులుంచి, వాటిని సగానికి కత్తిరించండి. మొత్తం దూసేస్తే ఆక్సిన్, ఆహారం రెండూ పోతాయి. వేరు దిగేదాకా మిస్ట్ ఛాంబర్‌లో (సన్నటి నీటి తుంపర చల్లే గదిలో) గానీ, పాలిథీన్ కప్పిన నీడలో గానీ తేమ తగ్గకుండా చూడండి. పొడిని చిన్న గిన్నెలోకి తీసుకుని అద్దండి. డబ్బాలోనే ముంచితే తడి తగిలి మిగిలిందంతా పాడవుతుంది.